డబ్బాలో మిగిలిన కాగితం

"దీంతో సంబంధం ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అధ్యక్షుడు డూగల్ అడిగేటప్పటికి రోనా రెండు చేతులూ కుర్చీ చేతుల మీదే ఉన్నాయి. లేవడమే తరువాయి. లేచి, కోటు తీసుకుని, తలుపు దగ్గరగా వేసి, బయట నడవాలో కోట్లు తగిలించే కొక్కేల పక్కన నిలబడాలి. లోపలివాళ్ళు మార్కులు వేసి పిలిచేదాకా అక్కడే ఉండాలి. కిల్‌ఫెర్రన్ ఊరి గాలిమరల నిధి కమిటీలో ఉన్నవాళ్ళు అయిదుగురూ ఎప్పుడో ఒకప్పుడు ఆ నడవాలో నిలబడ్డవాళ్ళే. ఊరున్నదే గుప్పెడు. ఎవరి దరఖాస్తు తీసినా ఎవరికో ఒకరికి చుట్టరికం తగులుతూనే ఉంటుంది.

కొండ మీద కరెంటు తీసే మరలు తిప్పుకుంటున్నందుకు కంపెనీవాళ్ళు ఏటా ఊరికి కొంత డబ్బిస్తారు. అది ఏ సంఘానికి ఇవ్వాలో ఊరివాళ్ళే తేల్చుకోవాలి. ఆ మంగళవారం సాయంత్రం లైబ్రరీ వెనక గదిలో అప్పటికి రెండు దరఖాస్తులు అయిపోయాయి. పడవ పందాల వాళ్ళకి బండి మంజూరైంది. బడి తోటకి కంచె మంజూరైంది. మూడోది ఎఫీది. ఊరి హాల్లో ముసలివాళ్ళకి పెట్టే గురువారం భోజనానికి కొత్త పొయ్యి కావాలని, రెండు పేజీల చేతిరాత.

ఎఫీ రోనాకి ఆడపడుచు. భర్త నీల్‌కి అక్క. నీల్ పోయి నాలుగేళ్ళయింది. పోయిన మనిషి అక్క ఇంకా సంబంధం కిందకి వస్తుందా రాదా అని రోనా ఆ క్షణంలో తనతో తాను వాదించుకున్న మాట నిజం. కానీ అది వట్టి సాకు. అసలు సంగతి వేరు. తను బయటికి పోతే ఎఫీ తరఫున గదిలో ఒక్క మనిషీ ఉండదు. తను ఉంటే ఒక మంచి మార్కయినా పడుతుంది. అందుకని చేతులు కుర్చీ మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. డూగల్ ఆమె వైపొకసారి చూశాడు. లాకీ చూశాడు. ఆర్చీ పెన్ను నోట్లో పెట్టుకుని కిటికీ వైపు చూశాడు. డూగల్ మార్కుల కాగితాలు పంచాడు.

చూసినవాళ్ళలో మార్జరీ కూడా ఉంది. ఇంగ్లండులో లీడ్స్ పన్నుల ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు చేసి, రిటైరై, ఈ ఊరొచ్చి ఆరేళ్ళయింది. ఆరేళ్ళయినా ఊరంతా ఆమెని ఇంకా మీరు అనే పిలుస్తుంది. ఆమె కళ్ళజోడు కొంచెం కిందికి దించి రోనాని చూసిన చూపులో నిందేమీ లేదు. అయినా రోనా, అమ్మో, ఈవిడ కనిపెట్టింది అనుకుంది.

ఆ అనుకోవడంతోనే వచ్చింది చిక్కంతా. పదికి ఎన్నయినా వెయ్యొచ్చు, కాగితం మీదున్న అంకె చుట్టూ సున్నా చుట్టడమే. దరఖాస్తు బాగుంది. ఎఫీ ఉన్నదున్నట్టు రాసింది: గ్యాసు మనిషి వచ్చి పాత పొయ్యి ఇక వాడొద్దని ఎర్ర చీటీ తగిలించి వెళ్ళాడు, వారానికి పదిహేడుమంది ముసలివాళ్ళు వస్తారు, ఇప్పుడు సూపు ఇంట్లో వండి మోసుకొస్తున్నాను. రోనా పెన్సిలు ముందు తొమ్మిది మీదికి పోయింది. ఆడపడుచని తొమ్మిది వేసింది అంటారేమో. ఎనిమిది. అదీ ఎక్కువే అంటారేమో. చివరికి ఆరు చుట్టూ చిన్న సున్నా చుట్టింది. పాతికేళ్ళు బడి ఆఫీసులో హాజరు పట్టీ రాసిన చెయ్యి, సున్నా చక్కగా కుదిరింది. కాగితం నాలుగు మడతలు పెట్టి బిస్కెట్ల డబ్బాలో పడేసింది. అప్పుడామెకి తను చాలా నిజాయితీగా నడుచుకున్నట్టే అనిపించింది.

కాగితాల మీద పేర్లుండవు. కార్యదర్శి ఐలీన్ డబ్బా తీసుకుని మూలకి వెళ్ళి కూడి, మొత్తం మాత్రం చదువుతుంది. ఎవరెన్ని వేశారో చెప్పదు, ఒకరినొకరు అడగకూడదు. యాభైకి ముప్ఫై అయిదు వస్తే మంజూరు.

"ముప్ఫై నాలుగు," అంది ఐలీన్.

డూగల్ మళ్ళీ కూడమన్నాడు. మళ్ళీ కూడింది. ముప్ఫై నాలుగే.

డూగల్ పుస్తకం మూసి, "సరే. వచ్చే ఏడు మళ్ళీ పెట్టుకోమని రాద్దాం," అన్నాడు. అందరూ కోట్లు తొడుక్కున్నారు. ఆ ఒక్క మార్కు ఎవరి దగ్గర ఆగిపోయిందో రోనాకి తెలుసు.

*

కమిటీ ఉత్తరం గురువారం వచ్చింది. సరిగ్గా భోజనాల వేళకి పోస్టు వ్యాను హాలు ముందు ఆగింది.

రోనా ఆ రోజు హాలుకి వెళ్ళకుండా ఉండాల్సింది. ఇంట్లో ఉండలేక వెళ్ళింది. ఎఫీ రెండు పెద్ద గిన్నెల బార్లీ సూపు ఇంటి దగ్గర కాచి, కారు డిక్కీలో తువ్వాళ్ళు కుక్కి, చర్చి వీధి చుట్టూ నడక వేగంతో నడుపుకుంటూ తెచ్చింది. డెబ్భై ఆరేళ్ళ మనిషి. గిన్నె దింపడానికి రోనా చెయ్యి వేయబోతే, "తప్పుకో తల్లీ, నువ్వు పట్టుకుంటే సగం నేలకి తాగిస్తావు," అని మోచేత్తో నెట్టేసింది.

సూపు వడ్డించాక కవరు చింపింది. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి, కాగితం చేతంత దూరాన పట్టుకుని చదివింది. మడిచి ఏప్రను జేబులో పెట్టుకుంది. గరిటె తీసుకుని మళ్ళీ వడ్డించడం మొదలుపెట్టింది.

"ఏమొచ్చింది ఎఫీ?" అని అడిగింది పెగ్గీ. పెగ్గీ లాకీ వాళ్ళమ్మ. తొంభైకి దగ్గర పడింది, చెవులు మాత్రం పాము చెవులు.

"రాలేదు."

"ఏంటి రాలేదు?"

"పొయ్యి రాలేదు పెగ్గీ. చల్లారకముందు తాగు."

బెంచీల మీద గుసగుసలు మొదలయ్యాయి. ఎవరు కాదన్నారు, ఎందుకు కాదన్నారు. డూగల్ అనడు, వారం వారం మన మాంసం అతని కొట్లోదే. లాకీ అనడు, వాళ్ళమ్మ ఇక్కడే కూర్చుంది. ఆర్చీ అనడు, వాళ్ళ పెదనాన్నని రోజూ వీల్‌చెయిర్‌లో తోసుకొచ్చేది అతనే. రోనా సంగతి చెప్పనే అక్కర్లేదు. లెక్క తెలిసిపోయింది అందరికీ.

"ఆ పన్నులావిడే," అంది పెగ్గీ. "ఇంకెవరు."

"ఆవిడకేం తెలుసు మన సంగతి," అంది ఎఫీ. గరిటె గిన్నె అంచుకి తగిలి మోగింది. "ఆరేళ్ళయింది వచ్చి. ఒక్కనాడు ఈ గడప తొక్కిందా? లీడ్స్‌లో ముసలాళ్ళు లేరు కాబోలు. జనం జేబులు తడిమి తడిమి చెయ్యి అలవాటు పడిపోయింది. ఇక్కడ తడమడానికేం లేక పొయ్యి మీద పడింది."

పదిహేడుమందీ నవ్వారు. ఎఫీ కూడా నవ్వింది. నవ్వుతూనే వెనక్కి తిరిగి, సింకు దగ్గర కళ్ళు తుడుచుకుంది.

రోనా రొట్టె కోస్తోంది. అప్పుడే చెప్పి ఉండాల్సింది. రెండు మాటల్లో అయిపోయేది: ఆవిడ కాదు, నేను. ఆ రెండు మాటలూ గొంతు దాకా వచ్చాయి. "ఇంకాస్త సన్నగా కొయ్యి, వీళ్ళకి పళ్ళెక్కడివి," అంది ఎఫీ. రోనా సన్నగా కోసింది.

*

శనివారం డూగల్ కొట్టు ముందు ఎప్పటిలాగే వరస. రోనాకి ముందు నలుగురున్నారు, ఆ నలుగురిలో మూడో మనిషి మార్జరీ. కొట్టంతా మాటలతో మోగిపోవాల్సిన వేళ. ఆ రోజు కత్తి చెక్క మీద పడే చప్పుడు వినిపిస్తోంది.

మార్జరీ తన ముందున్న ఆవిడతో, "గాలి తగ్గింది ఇవాళ," అంది. ఆవిడ తల ఊపి, సంచీలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది. వెతుకుతూనే ఉంది, వంతు వచ్చేదాకా.

డూగల్ మాత్రం మర్యాదకి లోటు చేయలేదు. "ఏం కావాలండీ?" అన్నాడు. మార్జరీ అడిగింది తూచి, కట్టి, చిల్లరిచ్చాడు. ప్రతి శనివారం ఎముకో కొవ్వు ముక్కో ఆమె కుక్కకని పొట్లంలో పడేసేవాడు. ఆ శనివారం పడలేదు. మార్జరీ పొట్లం వంక ఒక్క క్షణం చూసి, థాంక్స్ చెప్పి, వెనక్కి తిరిగింది. రోనా ఎదురైంది.

"ఎఫీ గారు ఎలా ఉన్నారు?" అని అడిగింది మార్జరీ.

కొట్లో అందరి చెవులూ ఇటే ఉన్నాయి. రోనాకి అర్థమవుతోంది. "బానే ఉంది," అంది. పొడిగా అంది. అలా అనాలని అనుకోలేదు, గొంతులోంచి అలాగే వచ్చింది.

మార్జరీ బయటికి పోయి తలుపు వేసుకోగానే కొట్లోకి మాటలు తిరిగొచ్చాయి. "మొహం చూడు, ఏమీ ఎరగనట్టు," అంది ఎవరో. డూగల్ తలెత్తకుండా కత్తి నూరుకుంటున్నాడు. రోనా తన వంతు వచ్చాక అర కిలో ఖీమా అడిగింది. డూగల్ దానితో పాటు ఒక సాసేజి దండ వేసి, "ఎఫీకివ్వు. నా తరఫున," అన్నాడు. ఆమె కళ్ళలోకి మాత్రం చూడలేదు. పాపం బాధపడుతున్నాడనుకుంది రోనా.

ఇంటికెళ్ళి ఖీమా ఫ్రిజ్‌లో పెట్టి, కోటు విప్పకుండా వంటగది కుర్చీలో కూర్చుండిపోయింది. తప్పు తనది, శిక్ష ఆ మనిషికి. పైగా తనకి ఊళ్ళో సానుభూతి దొరుకుతోంది. పోస్టాఫీసులో ఒకావిడ, "నువ్వు చెయ్యగలిగింది నువ్వు చేశావులే రోనా," అని భుజం తట్టింది. ఆ తట్టిన చోట ఇంకా మండుతున్నట్టుంది.

*

మార్జరీ ఇంటికి వెళ్ళే మలుపు దగ్గర రోడ్డు పక్కన ఒక చెక్క గూడు ఉంటుంది. అందులో ఆమె కోళ్ళ గుడ్లు, అరడజను చొప్పున అట్టపెట్టెల్లో. కావలసినవాళ్ళు పెట్టె తీసుకుని, పక్కనున్న జాడీలో డబ్బులు వేసి పోతారు. కాపలా ఎవరూ ఉండరు. ఆరేళ్ళలో ఆ గూడు మధ్యాహ్నం దాకా నిండుగా ఉండగా ఎవరూ చూడలేదు.

సోమవారం సాయంత్రం రోనా అటు నడిచి వెళుతూ చూసింది. ఎనిమిది పెట్టెలున్నాయి. శనివారం తేదీ వేసినవి రెండు, ఆదివారంవి మూడు, సోమవారంవి మూడు. మార్జరీ ఏ రోజుకారోజు పెన్సిలుతో తేదీ వేస్తుంది. పాతవి ముందుకి జరిపి కొత్తవి వెనక పెట్టింది. వానకి తడవకుండా పైన ప్లాస్టిక్ కప్పి రాయి పెట్టింది.

రోనా దగ్గర చిల్లర ఉంది. ఇంట్లో గుడ్లు లేవు కూడా. చెయ్యి చాచబోయింది. ఇంతలో వెనక ట్రాక్టరు చప్పుడు. లాకీ. తీసుకుంటే లాకీ చూస్తాడు, రేపటికి ఊరంతా తెలుస్తుంది. రోనా చెయ్యి కోటు జేబులో పెట్టుకుని ముందుకి నడిచింది. లాకీ ట్రాక్టరు మీంచి చెయ్యెత్తాడు. అతనూ ఆ గూడు దగ్గర వేగం కొంచెం తగ్గించి, మళ్ళీ పెంచుకుని పోయాడు.

ఇంత పిరికిదాన్నా నేను అనుకుంది. అరవై ఒక్క ఏళ్ళు వచ్చాయి, అరడజను గుడ్లు కొనడానికి ధైర్యం లేదు.

*

బుధవారం పొద్దున తొమ్మిదింటికి ఫోను మోగింది. "కారుందా నీ దగ్గర?" అంది ఎఫీ. గొంతు మామూలుగానే ఉంది. "ఉంటే రా. కంగారు పడొద్దు."

వెళ్ళేసరికి ఎఫీ వంటగదిలో సింకు కుళాయి కింద ఎడమ చెయ్యి పెట్టి నిలబడి ఉంది. నేలంతా బార్లీ, కేరెట్ ముక్కలు, మటన్ ఎముకలు. గురువారానికి ముందు రోజే ఎముకలు కాచి పెట్టుకోవడం ఆమె పద్ధతి. హాల్లో పెద్ద పొయ్యి మీద అయితే గిన్నె కదిపే పనే లేదు. ఇక్కడ చిన్న పొయ్యి మీంచి బల్ల మీదికి దింపబోతే గిన్నె చెవి పట్టు జారింది. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రగా కమిలి, అప్పుడే బొబ్బలు లేస్తున్నాయి.

"అయ్యో ఎఫీ."

"అయ్యో లేదు గియ్యో లేదు. నేల మీద సూపు చూడు. మూడు గంటలు కాచాను."

డాక్టరు దగ్గరికి పదహారు మైళ్ళు. దారి పొడవునా ఎఫీ నొప్పి మాటెత్తలేదు. ఒకచోట మాత్రం, కిటికీలోంచి గాలిమరల వైపు చూస్తూ అంది: "రేపే ఆఖరు అనుకుంటా. ఈ చేత్తో మొయ్యలేను. పెగ్గీకి ఎలా చెప్పాలో తెలీదు. వారంలో ఆ ఒక్క రోజే జుట్టు దువ్వుకుంటుంది."

రోనా రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంది. చెప్తే మనసు తేలికవుతుంది నిజమే. కానీ తేలికయ్యేది తన మనసు. కాలిన చేత్తో కూర్చున్న మనిషి నెత్తి మీద ఈ బరువు కూడా పెట్టడమేనా? ముందు పొయ్యి సంగతి చూడాలి.

నిధి నిబంధనల పుస్తకం ఇంట్లోనే ఉంది. కట్టు కట్టించి ఎఫీని దింపి వచ్చాక తీసి చూసింది. నాలుగో పేజీలో ఉంది. సంబంధం ఉన్న మనిషి చెప్పకుండా కూర్చుని మార్కులు వేస్తే ఆ నిర్ణయం చెల్లదు. ఎవరైనా ఆ సంగతి బయటపెడితే మళ్ళీ చూడాలి. అలా కూర్చున్న మనిషి కమిటీలో ఉండడానికి వీల్లేదు.

రోనా డూగల్‌కి ఫోను చేసింది. "సాయంత్రం అందరినీ పిలువు. ఐలీన్‌ని ఆ డబ్బా తెమ్మను."

"దేనికి?"

"చెప్తాను. పిలువు."

*

ఆరింటికి లైబ్రరీ వెనక గదిలో నలుగురే ఉన్నారు, ఐలీన్ కాక. మార్జరీ కుర్చీ ఖాళీ. బల్ల మీద ఆమె పంపిన చీటీ ఉంది. డూగల్ చదివాడు: "కమిటీ నుంచి తప్పుకుంటున్నాను. ఊరికి నమ్మకం లేని మనిషి ఊరి డబ్బు పంచకూడదు. మార్జరీ హోల్ట్."

చదివి, చీటీ అలాగే చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

రోనా కూర్చోలేదు. ఆ మంగళవారం తన చేతులు కుర్చీ మీద ఉన్న దగ్గర్నుంచి మొత్తం చెప్పింది. ఎక్కడా నీళ్ళు నమల్లేదు. "ఆరు వేశాను," అంది. "ఆడపడుచుకి ఆరు. ఎవరో ఏదో అంటారని. ఆ ఒక్క మార్కూ నాదే. మార్జరీ గారి మీద పడింది, నేను నోరు మూసుకు కూర్చున్నాను. నిర్ణయం కొట్టేయండి. నా పేరు రాసి కొట్టేయండి."

ఇక వాళ్ళు తిట్టాలి. తిడితే బాగుండును అని ఆమె ఎదురుచూసింది. ఎవరూ తిట్టలేదు. లాకీ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆర్చీ చెవి గోక్కున్నాడు.

"ఆరా?" అన్నాడు డూగల్ చివరికి. "నువ్వు పది వేస్తావనుకున్నాను రోనా."

"ఏంటి?"

"లేవకుండా కూర్చున్నావు కదా. ఎఫీ కోసమే కూర్చుంది, పది వేస్తుంది అనుకున్నాను. నా కొట్లోంచే మాంసం పోతుంది అక్కడికి. నేను కూడా ఎక్కువ వేస్తే బేరం కోసం వేశాడంటారు. రోనా చూసుకుంటుందిలే అని ఆరు వేశాను."

లాకీ టోపీ వంక చూస్తూ అన్నాడు: "నాది ఏడు. అమ్మ తింటోంది కదా. నేను లేవాల్సిందే. లేస్తే నాతో పాటు అందరూ లేవాలి, గదిలో ఎవరు మిగుల్తారు? రోనా ఉందిలే అనుకున్నా."

"అయిదు," అన్నాడు ఆర్చీ. పెదనాన్న సంగతి అతను చెప్పకుండానే అందరికీ తెలుసు.

ఐలీన్ డబ్బా మూత తీసింది. ఎఫీ దరఖాస్తువి అయిదు కాగితాలు మడతలు విప్పి బల్ల మీద పరిచింది. పేర్లు లేకపోయినా ఎవరి కాగితం వాళ్ళు గుర్తుపట్టారు. డూగల్ కాగితం మీద బొటనవేలి జిడ్డు ఉంది. ఆర్చీ రేవులో టిక్కెట్లు కొట్టే ఎర్ర పెన్నుతో చుట్టాడు. లాకీ సున్నా కాగితం చిరిగేంత గట్టిగా పడింది. ఒక్కొక్కరే చెయ్యి చాచి ఎవరిది వాళ్ళు తీసుకున్నారు. రోనా తన చక్కని చిన్న సున్నా ఉన్నది తీసుకుంది.

బల్ల మీద ఒకటి మిగిలింది.

పది చుట్టూ గీత ఉంది. కింద కారణం రాయడానికి రెండు గీతల జాగా ఉంటుంది, దాన్ని ఇన్నేళ్ళలో ఎవరూ నింపిన పాపాన పోలేదు. మార్జరీ నింపింది. గుడ్ల పెట్టెల మీద తేదీలు వేసే ఆ పెన్సిలు రాతే: "పదిహేడుమంది వారానికి ఒక రోజు ఇల్లు కదిలి వస్తున్నారు. వాళ్ళని ఆపేయడం కంటే పొయ్యి కొనడం చవక. ఈమె ఒంటరిగా మోస్తోంది, గిన్నె జారకముందే ఇవ్వండి."

రోనా ఆఖరి వాక్యం రెండుసార్లు చదివింది. మధ్యాహ్నం ఎఫీ చేతి మీద నర్సు కట్టు చుడుతుంటే చూసిన బొబ్బలు కళ్ళ ముందు కదిలాయి. కాగితం బల్ల మీద పెట్టేసింది.

"నువ్వు చూశావా ఇది, ఆ రోజే?" అని ఐలీన్‌ని అడిగాడు లాకీ.

"చూశాను."

"ఊరంతా ఆవిణ్ణి ఆడిపోసుకుంటుంటే ఒక్క మాట అనలేకపోయావా?"

"చెప్పకూడదుగా," అంది ఐలీన్. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు నలుగురూ మాత్రం అన్నారా? మీకూ తెలుసుగా మీరెంత వేశారో."

ఎంత వేశారో నలుగురూ ఒకరికొకరు చెప్పుకోలేదు. మిగతా ముగ్గురూ బాగానే వేసి ఉంటారు, ఈ మార్జరీయే తక్కువ వేసి ఉంటుందని ఎవరి మటుకు వాళ్ళు నమ్మేశారు. నమ్మడం అంత సులువైపోయింది.

డూగల్ పుస్తకంలో రాశాడు. నలుగురికీ సంబంధం ఉంది, నలుగురూ చెప్పలేదు, నిర్ణయం చెల్లదు. ఊళ్ళో చూడ్డానికి మనుషులు చాలరు కాబట్టి దరఖాస్తు నగరంలో నిధి ఆఫీసుకి పోతుంది, అక్కడివాళ్ళే చూసి వారంలో తేలుస్తారు. ఈ కమిటీ ఇక ఉండదు. నలుగురూ సంతకాలు పెట్టారు. మార్జరీ కాగితం దానికి జతచేస్తూ ఐలీన్, "పొయ్యి వస్తుంది. ఇది చదివినవాళ్ళు ఇవ్వకుండా ఉండరు," అంది.

వెళ్ళేముందు డూగల్ తలుపు దగ్గర ఆగాడు. "ఎఫీకి ఎవరు చెప్తారు?"

"నేనే," అంది రోనా.

*

గురువారం ఎఫీ ఒంటిచేత్తో హాలు తాళం తీస్తుంటే రోనా వెనకే ఉంది. ఆ రోజు సూపు లేదు. రొట్టె, చీజు, డూగల్ పంపిన చల్లటి మాంసం. బెంచీలు సర్దుతూ రోనా చెప్పింది. పొయ్యి వచ్చేలా ఉందని ముందు చెప్పలేదు. అలా చెప్తే మిగతాది కొనుక్కున్నట్టవుతుంది. ఆరు మార్కుల సంగతి ముందు చెప్పింది. తర్వాత డూగల్, లాకీ, ఆర్చీల సంగతి. చివరికి మార్జరీ రాసిన మూడు వాక్యాలు, నోటికి వచ్చేసినవి వచ్చినట్టే.

ఎఫీ వింటూ బల్ల మీద గుడ్డ పరుస్తోంది. విన్నాక గుడ్డ ముడతలు మంచి చేత్తో సాపు చేసింది. చేసిన చోటే మళ్ళీ చేసింది.

"నీ మీద కోపం వస్తుంది," అంది. "తీరిగ్గా వస్తుంది. ఇప్పుడు దానికి టైము లేదు."

"ఎఫీ..."

"ఆ రోజు ఇక్కడ నిలబడి ఏమన్నాను నేను ఆవిణ్ణి? జేబులు తడిమే మనిషి అన్నాను. పదిహేడుమందిని నవ్వించాను." ఏప్రను ముడి ఒంటిచేత్తో లాగబోయింది, రాలేదు. "విప్పు."

రోనా విప్పింది. ఎఫీ కోటు భుజాల మీద వేసుకుంది, కట్టు కట్టిన చెయ్యి స్లీవులో పట్టలేదు.

"ఎక్కడికి?"

"మలుపు దాకా. గుడ్లు తెస్తాను. ఆవిడ వస్తే ఆవిణ్ణీ తెస్తాను. రాకపోతే గడప దగ్గర నిలబడి చెప్పాల్సింది చెప్పి వస్తాను."

"నేనూ వస్తాను. నేను కూడా చెప్పాలి ఆవిడకి."

"చెబుదువుగానిలే. నా తర్వాత. నీ పని ఇక్కడుంది." ఎఫీ తలుపు వైపు గడ్డంతో చూపించింది. బయట వీల్‌చెయిర్ చక్రాల చప్పుడు, పెగ్గీ చేతికర్ర చప్పుడు వినిపిస్తున్నాయి. "ఆ మాట వీళ్ళ ముందు అన్నాను. వీళ్ళ ముందే పోవాలి. నేను తిరిగొచ్చేసరికి వీళ్ళకి తెలిసి ఉండాలి. ఆవిడ ఈ గడప తొక్కేసరికి ఒక్క మొహం కూడా అటు తిరగకూడదు."

ఎఫీ వచ్చేవాళ్ళకి తలుపు పట్టుకుని, అందరూ లోపలికి వచ్చాక, రోడ్డు మీద పడి కొండ వైపు నడిచింది. ఆ కాళ్ళతో మలుపుకి పావుగంట.

పదిహేడుమందీ కూర్చున్నారు. పెగ్గీ జుట్టు దువ్వుకుని, నీలం పిన్ను పెట్టుకుంది. చుట్టూ చూసి, "ఎఫీ ఎటు పోయింది? సూపేదీ?" అంది.

రోనా రొట్టె కోసే కత్తి చేతిలోకి తీసుకుంది. మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. దాచుకోవడానికి ఆ చేతులకి ఇప్పుడు ఏ పనీ ఉండకూడదనిపించింది.

"చెప్తాను పెగ్గీ," అంది. "ఒక్క నిమిషం అందరూ ఇటు చూడండి."

అందరూ చూశారు.